ఎంగిలి గొట్టం

గుండె ఆసుపత్రిలో, ఎకో గది బయట ఇనప కుర్చీల వరస. మురుగు కాలవల్లో కెమెరా దించే మేస్త్రీ ఒకడు పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా, లోకమంతా కుళ్ళి కంపు కొడుతున్నట్టు మొహం పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన అతని భార్య.

"...ఆ నర్సు పిల్ల గుడ్డతో తుడిచింది, అంతే. నా కళ్ళతో చూశానే, తలుపు సందులోంచి. ఇంత పొడుగు నల్ల గొట్టం, చూపుడు వేలంత లావుంది. ఒక చేత్తో పట్టుకుని ఇలా సర్రున లాగింది. అయిపోయింది, శుభ్రం."

"అది శుభ్రం చెయ్యడం కాదండీ. పరీక్ష అవగానే ముందు పైన అంటుకున్నది తీసేస్తారు. ఆ తర్వాత కడుగుతారు, మందునీళ్ళలో నానబెడతారు, మళ్ళీ కడిగి ఆరబెడతారు. ఆరాక బీరువాలో నిలువుగా వేలాడదీస్తారు."

"పైన అంటుకున్నది అంటే?"

"ఏదో ఒకటి. మీకెందుకు."

"చొంగ అని చెప్పు, నోరు రావట్లేదా. నా ముందు లోపలికెళ్ళినాయన చొంగ. ఆయన్ని చూశావా నువ్వు? ఇందాక ఈ కుర్చీలోనే కూర్చుని దగ్గి దగ్గి చేతిరుమాల్లోకి ఊశాడు. ఊసి, దాన్ని మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. మడతపెట్టాడే, ఇస్త్రీ చొక్కాని మడిచినట్టు. ఆ గొంతులోంచి తీసిన గొట్టం ఇప్పుడు నా గొంతులోకి."

"ఒకటే ఉండదండీ. మూడో నాలుగో ఉంటాయి. ఆయనకి వాడింది మీకు వాడరు."

"మా దగ్గరా మూడున్నాయి కెమెరాలు. ఏం లాభం? పొద్దున్న ఒక హోటలు వెనక గోతిలో దించుతాం. మధ్యాహ్నం ఒక ఇంట్లో బాత్రూం పైపులో దించుతాం. పైకి లాగేటప్పుడు పాత బనీను అరచేతిలో పెట్టుకుని దాన్లోంచి లాగడం, చుట్టచుట్టి బండిలో పడెయ్యడం. అంతకుమించి ఎవడు చేస్తాడు? ఆ ఇంటావిడ ముక్కు మూసుకుని 'కడిగారా బాబూ' అంటుంది. 'మందేసి కడిగామమ్మా' అంటాం. ఇందాక నేనూ అడిగాను ఆ పిల్లని, కడిగారా అని. 'శుభ్రంగా కడిగామండీ' అంది. అదే మాట, అదే నవ్వు మొహం. ఉద్యోగం మొదలెట్టినప్పటి నుంచీ నేను ఊరందరికీ చెప్పే అబద్ధం తెచ్చి నాకే చెబుతోంది."

"మీరు చెబితే ఊరందరూ అబద్ధాలకోరులేనా? మీరు దించేది కాలవలోకి. వీళ్ళు దించేది మనిషిలోకి."

"మనిషి లోపల ఏముంటుందనుకుంటున్నావు, అత్తరా?"

"మెల్లిగా. ఎదురు కుర్చీలో ఆవిడ చూస్తోంది."

"చూడనీ. అసలు మొన్న చేశారు కదే. ఎదురొమ్ము మీద జిగురు పూసి, ఆ డబ్బాలాంటిది పెట్టి అటూ ఇటూ రుద్ది. అదీ రోతే. చల్లగా, చీమిడి రాసినట్టు. ఇంటికెళ్ళి రెండుసార్లు స్నానం చేసినా వదల్లేదు. అది చాలదా వీళ్ళకి?"

"చాలదనే కదా ఇది. డాక్టరు మీ ఎదురుగుండానే చెప్పాడు. మీరు గోడ మీది మరక చూస్తూ కూర్చున్నారు, వింటేగా."

"మరక కాదది. ఎవడో ఊశాడు."

"సరే, ఊశాడు. బయటినుంచి చూస్తే పక్కటెముకలూ ఊపిరితిత్తులూ అడ్డమొస్తాయట. అన్నం దిగే గొట్టం ఉంది చూడండి, అది సరిగ్గా గుండె వెనక నుంచే వెళ్తుంది. అందులోంచి చూస్తే ఏదీ అడ్డం ఉండదు. మీ గుండె లయ తప్పి గిలగిల కొట్టుకుంటోంది కదా. పై అరకి ఎడమ పక్కన చిన్న సంచీలాంటి మూల ఉంటుందట. గుండె సరిగ్గా పిండకపోతే రక్తం వెళ్ళి ఆ మూలలో నిలిచిపోతుంది. నిలిచిన చోట గడ్డ కడుతుంది. అది ఉందో లేదో చూడాలి."

"వంపు దగ్గర నీళ్ళు నిలిచి జిడ్డు పేరుకున్నట్టు."

"అదే అనుకోండి."

"ఛీ. రోజంతా ఊరివాళ్ళ కాలవలు చూసి ఇంటికొస్తే, నాలోనూ ఒక కాలవే ఉందన్నమాట."

"అందరిలోనూ ఉంది. చూడకుండా కరెంటు షాకిచ్చి గుండెని దారిలో పెట్టారనుకోండి, ఆ గడ్డ ఊడి మెదడుకి పోతుంది. షాకివ్వకుండా వదిలేసినా ఎప్పుడో ఒకప్పుడు అదే పోవచ్చు. మూతి వంకరపోయి, ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోయి మంచాన పడతారు. అప్పుడు చొంగ మీది. తుడిచేది నేను."

"అపశకునపు మాటలు. నీ నోటికి అడ్డూ ఆపూ లేదా?"

"డాక్టరన్న మాట. మీకు అర్థమయ్యేలా చెప్పాను."

"సరే, లోపలేం చేస్తారో చెప్పు. ఒక్కటీ దాచకుండా చెప్పు. తెలియకుండా వెళ్ళి పడుకోవడం నావల్ల కాదు."

"ముందు నోరు తెరిపించి గొంతులోకి మందు కొడతారు. పిచికారీ లాగా."

"రుచి?"

"చేదు. కుళ్ళిన అరటిపండులో మాత్రలు నూరి కలిపినట్టుంటుంది... అట. దాన్ని ఊసెయ్యకూడదు, మింగెయ్యాలి. కాసేపటికి గొంతు మొద్దుబారుతుంది. గుటక పడిందో లేదో తెలియదు. నాలుక మనది కాదనిపిస్తుంది. ఎవరిదో నాలుక తెచ్చి మన నోట్లో పెట్టినట్టు ఉంటుంది."

"ఎవరిదో నాలుకా? డోకొస్తోందే నాకు."

"అడిగింది మీరేగా. తర్వాత ఎడమ పక్కకి తిప్పి పడుకోబెడతారు. పళ్ళ మధ్య ప్లాస్టిక్ రింగు పెడతారు, గొట్టాన్ని కొరక్కుండా. మీ చేతికి ఆ సూది గుచ్చి ఉంచారు చూడండి, దాన్లోంచి మత్తు ఎక్కిస్తారు. పూర్తిగా నిద్ర రాదు, మగత. వాళ్ళ మాటలు వినిపిస్తాయి, బావిలోంచి వచ్చినట్టు. అప్పుడు గొట్టం పెడతారు."

"ఎలా పెడతారు? తోస్తారా?"

"తోయరు. గుటక వెయ్యమంటారు. మొదటి గుటక ఒక్కటే కష్టం. అది పడిందంటే గొట్టం దానంతటదే దిగుతుంది. ఎదురు తిరిగి మెడ బిగబట్టారనుకోండి, అప్పుడు నొప్పి. ముక్కుతో గాలి పీల్చుకుంటూ ఉండండి. ఊపిరి ఆగిపోతోందని అనిపిస్తుంది గాని ఆగదు. అది వెళ్ళేది ఊపిరి గొట్టంలోకి కాదు."

"వాంతి వస్తే?"

"డోకు వస్తుంది, లోపల ఏమీ లేదు కాబట్టి పైకి ఏమీ రాదు. అందుకే తినొద్దన్నారు. తిని ఉంటే అదంతా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ప్రాణం మీదకొస్తుంది. చొంగ కారుతుంది. కారనివ్వండి, మింగాలని చూడకండి. చెంప కింద గుడ్డ వేస్తారు. కళ్ళమ్మట నీళ్ళు కూడా వస్తాయి. ఏడుపు కాదది, ఊరికే వస్తాయి."

"చొంగ, కన్నీళ్ళు, డోకు. ఇంకేమైనా మిగిలిందా? ముక్కు చీమిడి మరిచిపోయావు."

"అదీ కాస్త కారుతుంది. పావుగంట, మహా అయితే అరగంట. లోపల గొట్టాన్ని తిప్పుతుంటే గుండె వెనకాల ఎవరో వేలు పెట్టి వెతుకుతున్నట్టు ఉంటుంది. నొప్పి కాదు గాని, బాగుండదు. నర్సమ్మ భుజం మీద చెయ్యేసి ఉంచుతుంది. ఆఖరికి ఆ చెయ్యొక్కటే గుర్తుంటుంది."

"ఇదంతా నీకెవరు చెప్పారు?"

"నర్సమ్మ."

"తన చెయ్యి గురించి తనే చెప్పుకుందా?"

"మాటల్లో చెప్పిందండీ. ప్రతిదానికీ ఆరాలేంటి. అయిపోయాక గొంతు తిమ్మిరి వదిలే దాకా మంచినీళ్ళు కూడా తాగకూడదు, అడ్డదారిన పోతాయి. ఒకటి రెండు రోజులు గొంతు గీరుకుపోయినట్టు ఉంటుంది. బండి నడపకూడదు. ఆటోలో వెళ్దాం."

"ఆటో సీట్లు ఎంత మురికిగా ఉంటాయో తెలుసా నీకు?"

"తెలియదు. మీరు చెప్పేదాకా నాకేదీ మురికిగా కనపడదు. అదిగో, ఆ నర్సు పిల్ల వస్తోంది."

"బాబాయ్ గారూ, తర్వాత మీరే ఇక. రాత్రి నుంచీ ఏమీ తినలేదు కదా?"

"లేదమ్మా."

"మంచినీళ్ళు?"

"లేదు."

"ఎప్పుడైనా ముద్ద మింగడానికి ఇబ్బంది పడటం, రక్తం కక్కుకోవడం లాంటివి?"

"లేవు."

"కదిలే పళ్ళు, పెట్టుడు పళ్ళు ఏమైనా ఉన్నాయా?"

"లేవు."

"ఉన్నాయమ్మా. పైన ముందరివి రెండు."

"నిన్నడిగిందా ఆ పిల్ల?"

"దాచకూడదు బాబాయ్ గారూ. పరీక్షలో ఊడితే గొంతులోకి జారిపోతాయి. ఇదిగో డబ్బా, తీసి ఇందులో వేసి అమ్మకివ్వండి. పిలుస్తాను."

"వెళ్ళిందా?"

"వెళ్ళింది. తియ్యండి."

"అటు తిరుగు."

"నేనండీ, మీ పెళ్ళాన్ని."

"ఎవరైతేనేం, తిరగమన్నాను. ఆ డబ్బా ఇటివ్వు. ఎవరి పళ్ళుండేవో ఇందులో ఇంతకుముందు."

"కొత్తది. పైన కాయితం నేనే చింపాను. ఇవ్వండి ఇక."

"చేత్తో పట్టుకున్నావేంటే?"

"డబ్బాలో వెయ్యొద్దా?"

"తడిగా ఉన్నాయి."

"మీవేగా."

"నావైతే మాత్రం. వెళ్ళి చేతులు కడుక్కో. సబ్బుతో కడుక్కో."

"కడుక్కుంటాను లెండి."

"ఇప్పుడు కడుక్కో... అది కాదు, ఆగు. ఇలా దగ్గరికి రా. ఒక పని చేసిపెట్టు. కడుక్కుని వస్తూ వస్తూ ఆ పిల్లతో ఒక మాట చెప్పు. ఈయన నాకు తెలియకుండా పొద్దున్న అరటిపండు తిన్నాడు, ఇప్పుడే చెప్పాడు అని."

"తిన్నారా?"

"తినలేదు. తిన్నానని చెప్పమంటున్నాను. ఇవాళ్టికి వదిలేస్తారు."

"కిందటిసారి టీ తాగొచ్చారు. మరిచిపోయానన్నారు. మీరు టీ మరిచిపోయి తాగే మనిషా? కప్పు మూడుసార్లు కడిగితే గాని పెదవి ఆనించరు. ఆ రోజే అర్థమైంది నాకు. డాక్టరు అరిచాడు, నేను తలదించుకుని నిలబడ్డాను. ఇవాళ నేను చెప్పను."

"ఇంకో వారం. మందులు వేసుకుంటున్నాను కదా, గడ్డ కరిగితే కరగొచ్చు. వచ్చే వారం తప్పకుండా వస్తాను."

"వచ్చే వారం గొట్టం మారుతుందా?"

"మారదు. నేను మారతానేమో, ధైర్యం వస్తుందేమో."

"రాదు. మిమ్మల్ని పెళ్ళయినప్పటి నుంచీ చూస్తున్నాను. కొత్తలో ఒకసారి మీ పళ్ళెంలోంచి ముద్ద తీసుకున్నాను, ముచ్చటపడి. పళ్ళెం తోసేసి లేచిపోయారు. అప్పటికి నాకు మీ సంగతి తెలియదు, ఏం తప్పు చేశానో తెలియక రాత్రంతా ఏడ్చాను. మీ గ్లాసు వేరు, నా గ్లాసు వేరు. మీ తువ్వాలు నేను ఆరెయ్యాలి గాని తుడుచుకోకూడదు. పిల్ల కడుపులో ఉండగా నేను పెరట్లో కూలబడి వాంతి చేసుకుంటుంటే, మీరు ముక్కు మూసుకుని వీధిలోకి వెళ్ళి నిలబడ్డారు. లేవలేక పాక్కుంటూ వచ్చి నేనే కడుక్కున్నాను. అది పుట్టాక ఒక్కనాడు ముడ్డి కడిగారా? జ్వరంతో పక్క పాడుచేసుకుంటే ఒక్కనాడు దుప్పటి మార్చారా?"

"ఇప్పుడవన్నీ ఎందుకు తవ్వుతావు?"

"ఊరందరి మలంలో మోకాలి దాకా దిగుతారు కదా మీరు. ఇంట్లోవాళ్ళ దగ్గరకొచ్చేసరికి ఎందుకంత రోత? అడుగుదామని ఎన్నేళ్ళ నుంచో అనుకుంటున్నాను."

"రోజంతా అందులో ఉంటాను కాబట్టే. అక్కడ చేతికి గ్లౌజులుంటాయి, నోటికి గుడ్డ ఉంటుంది. ఎవరిదో తెలియదు. తెలియకపోతే అది ఉత్త మురుగు, అంతే. ఇంట్లో అయితే ఎవరిదో తెలుస్తుంది. తెలిస్తే తట్టుకోలేను. కడుపులోంచి తన్నుకొస్తుంది. కావాలని చేస్తాననుకుంటున్నావా?"

"తెలిస్తే ఇంకా రోత."

"అవును."

"బాగుంది. సిగ్గుపడకుండా చెప్పారు."

"నిజం చెప్పమంటే చెప్పాను. నీకది అర్థం కాదు. నీకు దేనికీ అసహ్యం లేదు, తడి పళ్ళు అరచేతిలో పెట్టుకుని కబుర్లు చెబుతావు."

"నాకు అసహ్యం లేదని ఎవరన్నారు? ఇప్పుడు, ఈ నిమిషాన, మిమ్మల్ని చూస్తే వేస్తోంది. ప్రాణం మీదికొచ్చిన మనిషి ఎంగిలి గురించి లెక్కలు వేసుకుంటూ, పెళ్ళాం చేత అబద్ధం చెప్పించి పారిపోదామని చూస్తున్నారే. అసహ్యంగా లేదూ?"

"ఓహో, నేను అసహ్యం అయ్యానా నీకు."

"అయ్యారు. అయినా కూర్చున్నాను పక్కన."

"నీకేం, ఎన్నైనా చెబుతావు. ఆ బల్ల ఎక్కేది నేను. చుట్టూ నలుగురు చూస్తుండగా చొంగ కార్చుకుంటూ పడుండేది నేను. మొదటి గుటక ఒక్కటే కష్టమట. ఎంత తేలిగ్గా చెప్పావే. ఒకసారి నువ్వు మింగి చూడు, అప్పుడు మాట్లాడు."

"మింగాను."

"ఏంటి?"

"మింగాను. ఈ గదిలోనే, ఆ బల్ల మీదే."

"ఎగతాళా?"

"ఇప్పుడు ఎగతాళి చేసే ఓపిక లేదు నాకు. మీరు వానల్లో పక్క ఊరి కాలవల పని మీద వెళ్ళారు చూడండి, అప్పుడు. మెట్లెక్కుతుంటే ఊపిరి అందట్లేదని చూపించుకుంటే, మీకు చేసినట్టే ముందు పైనుంచి చేశారు. సరిగ్గా తెలియలేదని తర్వాత ఇది చేశారు."

"ఒక్కదానివే వచ్చావా?"

"ఒక్కదాన్నే వస్తే చెయ్యం అన్నారు. ఇంటికి తీసుకెళ్ళడానికి మనిషి ఉండాలట. ఎదురింటి కుట్టుమిషనావిడని బతిమాలి తెచ్చుకున్నాను. ఆవిడే ఆటోలో నా మూతి తుడిచింది, కొంగుతో. తిమ్మిరి వదల్లేదు కదా, చొంగ కారుతున్నట్టు నాకు తెలియలేదు."

"నాతో ఒక్క మాట చెప్పలేదు."

"చెబితే ఏం చేసేవారు?"

"ఏదో చేసేవాణ్ణి."

"ఏం చేసేవారో చెప్పండి, వింటాను."

"కనీసం తోడొచ్చేవాణ్ణి."

"ఎవరెవరి గొంతుల్లోనో తిరిగిన గొట్టం మింగొచ్చానని తెలిస్తే నేను వండింది తినేవారా? నా గ్లాసు వంటింట్లో ఉండనిచ్చేవారా?"

"అలా ఏం కాదు."

"కాదా?"

"ఏమో. తెలియదు."

"అదీ. ఆ 'ఏమో' చాలు నాకు."

"బాబాయ్ గారూ, లోపలికి రండి."

"వస్తున్నానమ్మా. ఒక్క నిమిషం. పారిపోను, ఇక్కడే ఉన్నాను... ఏమే, నీ పరీక్షలో ఏం కనపడింది?"

"ముందు మీరు వెళ్ళి రండి. మొదటి గుటకప్పుడు మెడ బిగబట్టకండి."

"చెప్పు. చెబితేనే లోపలికెళ్తాను."

"గుండెలో రెండు అరల మధ్య గోడకి చిల్లు ఉందట. పుట్టినప్పటి నుంచీ ఉన్నదే, ఇప్పుడు పెద్దదై ఇబ్బంది పెడుతోంది. తొడలోంచి తీగ పంపి మూసెయ్యొచ్చేమోనని చూశారు. మూత ఆనడానికి చుట్టూ అంచు చాలదన్నారు. ఎదురొమ్ము కోసి కుట్టాలి."

"కుట్టించుకోకపోతే?"

"రానురాను ఊపిరి అందదు, చివరికి గుండె ఆగిపోతుందన్నారు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకూరుకున్నావే? డబ్బులా?"

"డబ్బుకేం, సర్కారు కార్డు మీద అయిపోతుంది."

"మన అమ్మాయికి చెప్పావా?"

"నిండు నెలల మనిషికి ఏం చెప్పను?"

"బాబాయ్ గారూ..."

"వస్తున్నానని చెప్పానా తల్లీ... మరెందుకు? తేదీ ఇవ్వలేదా వాళ్ళు?"

"ఇస్తామన్నారు. ఎదురొమ్ము కోశాక నా అంతట నేను లేవలేనట. దగ్గేటప్పుడు గుండెలు అదిమిపట్టాలి, కఫం ఊస్తుంటే గిన్నె పట్టాలి. వాంతయితే ఎత్తాలి, ఒళ్ళు తుడవాలి, బెడ్‌పాన్ పెట్టి తియ్యాలి. అవన్నీ చేసే మనిషి ఇంట్లో ఎవరున్నారమ్మా, వాళ్ళని ఒకసారి తీసుకురా, మాట్లాడి తేదీ రాసేస్తానన్నాడు డాక్టరు. నాకెవరూ లేరని చెప్పి వచ్చేశాను."